కూర్చుని చూడాల్సిన పూలు

ఆ పూలు ఆమెకు దక్కకుండా చేసింది మీరే. వరండాలో కుర్చీలేసుకుని కాళ్ళు చాపిన మీరందరూ. ఒకరి మొహాలు ఒకరు చూసుకోకండి.

గుప్పెడు క్రొకోస్మియా పూల దుంపలు తెచ్చి ఇంటి ముందు గోడ పక్కన పాతింది ఆమె. రెండేళ్ళూ ఉత్త ఆకులే వచ్చాయి, కత్తుల్లా నిటారుగా. "గడ్డికి నీళ్ళు పోసే కోడల్ని మా ఇంట్లోనే చూశానమ్మా" అంది అత్తగారు. ఆ పేరుకి నోరు తిరక్క "సేమియా మొక్క" అనేది. భర్త ఆ మాట ఊరంతా చెప్పి నవ్వించాడు. దుంప మీద దుంప పెరిగి ఇరుక్కుంటే పూయవని తెలిసి, చలి తగ్గగానే తవ్వి, విడదీసి, ఎడంగా నాటింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసేది. ఆయన ఆమె గోళ్ళలో మట్టి చూశాడు. "చేతులు బల్ల కింద పెట్టుకో. నవ్వు మాత్రం పైన పెట్టు" అన్నాడు.

ఈ ఎండాకాలం పూశాయి. వంగిన కాడ మీద నిప్పు రంగు పూలు, కింది మొగ్గ ముందు, పైది తర్వాత. పనికి పరుగెత్తుతూ ఒక చూపు విసిరి పోయేది. చూడ్డమంటే అదా? ఒక్క పూట వాటి ముందు తీరిగ్గా కూర్చోవాలని ఆశ. ఆ ఇంట్లో ఇంకేమీ అడగలేదు. సెలవడిగితే డాక్టరు, "పూల కోసం సెలవా? వాటికేమన్నా జ్వరమా?" అని పకపకా నవ్వాడు.

ఇంతలో ఆడపడుచు మొగుడూ పిల్లలతో దిగింది. "అన్నయ్య పెంచిన పూలు ఫోటోలో చూసి ఆగలేకపోయాం వదినా!" అన్నయ్య పెంచాడట. అన్నయ్యగారు కాదనలేదు, మీసం దువ్వుకున్నారు. "వీటిని చూస్తూ టీ తాగితే ఆ రుచే వేరు. ఇంకో కప్పిస్తావా వదినా?"

చుట్టాలొచ్చారంటే మాత్రం డాక్టరు సెలవిచ్చాడు, అదంతా వంటింటికే సరిపోయింది. వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. టీ అయ్యాక వంట, వంటయ్యాక గిన్నెలు, ఆ తర్వాత పిల్లల తడిబట్టలు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. బయట కింది పూలు రాలి, పైవి విచ్చి, అవీ రాలాయి.

వాళ్ళు వెళ్ళే ముందు రోజు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఒక్క పువ్వూ లేదు.

"వచ్చావా? ఆ ఎండుకాడలు కోసెయ్, దరిద్రంగా ఉన్నాయి" అన్నాడు భర్త, పేపరు దించకుండానే.

"పూలున్నన్నాళ్ళూ ఇటు తొంగి చూడలేదు. అభిరుచి ఉండాలిలే" అంది అత్తగారు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానిక్కూడా చేతిలో పని పక్కన పెట్టాలి కదా. వచ్చే ఏడూ పూస్తాయి. వీళ్ళూ వస్తారు. తను అదే పక్కింటి గోడను చూస్తూ పాలు కాస్తుంది. ఆపై ఏడూ అంతే. చచ్చేదాకా అంతే.

భర్త కుర్చీ వెనక నిలబడింది.

"లేవండి."

"ఏం కావాలి?"

"కుర్చీ."

"పూలన్నీ అయిపోయాక ఏం చూస్తావే?"

"ఎండుకాడలే చూస్తాను. మీరు లోపలికి పోండి. పిల్లలకి ఆకలేస్తోంది, పొయ్యి వెలిగించండి. ఇప్పుడే."