పేరు కొట్టని గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. అరబస్తా బియ్యం ఇట్టే ఉడికించే కడుపు నాది. ఉడికించేదని చెప్పాలి, అలవాటు కొద్దీ నోరు జారాను.

తుమ్మలగట్టులో కలరా వచ్చిన మరుసటేడు పుట్టాను. ఇకమీద కష్టానికైనా సుఖానికైనా ఊరంతా ఒకచోట వండుకోవాలని ఇంటికో ఇత్తడి వస్తువు తెచ్చి కంచరి కొలిమి ముందు పోశారు. గుళ్లో పగిలిన హారతి పళ్లెం, పీర్ల చావిడి చెంబు, చర్చిలో నాలిక ఊడిన గంట, ఎవరో తల్లి దాచుకున్న ఉగ్గుగిన్నె. కరిగాక ఏది ఎవరిదో కంచరికే తెలియలేదు, నాకేం తెలుస్తుంది?

"ఎవరి పేరు కొట్టమంటారు?" అని అతను ఉలి తీశాడు.

"అందరిదీ అయినప్పుడు ఎవరి పేరని కొడతావయ్యా? వదిలెయ్" అన్నారు పెద్దలు.

నాకో ఆచారం పెట్టారు. వాడుకున్నవాళ్లు నన్ను ఖాళీగా తిప్పి పంపకూడదు. అడుగున గుప్పెడు బియ్యం పోసి పంపాలి. తరువాత వండేవాళ్లు ముందుగా ఆ గింజలే ఎసట్లో వెయ్యాలి. చావింటి గింజలు పెళ్లింటి ఎసట్లో వేస్తారా అని ఒకసారి ఎవరో ముక్కు విరిచారు. నన్ను తోమి కాపాడే దూదేకుల హుస్సేనమ్మ గరిటె నేలకేసి కొట్టి, "ఆకలికి మైలుందా? ఉంటే చెప్పండి, నేను పోతా" అంది. ఆ గింజలే ముందు ఎసట్లో పడ్డాయి. నవమికీ, పీర్లకీ, క్రిస్మస్‌కీ ఆవిడే వండింది. పక్కన కూరలు తరిగేది మాలపల్లె సువార్తమ్మ.

తరువాత ఊరికి పేరు పిచ్చి పట్టింది. కొత్తగా గెలిచిన ప్రెసిడెంటు నా పొట్ట మీద తన పేరు కొట్టించాడు. అయిదేళ్లకు అవతలి పార్టీవాడు గెలిచి, ఆ పేరు ఆకురాయితో గీకించి, అదేచోట తన పేరు కొట్టించాడు. ఆపైన ఉత్సవ కమిటీ దాన్ని గీకి దేవుడి పేరు పెట్టింది. ఉరుసు కమిటీ దాన్నీ గీకింది. ఏ దేవుడూ తన పేరు కొట్టమని అడగలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చివరికి ఎవరి డేగిసాలు వాళ్లు కొనుక్కుని, నన్ను పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేశారు.

హుస్సేనమ్మ పోయేముందు సువార్తమ్మ చెయ్యి పట్టుకుని అడిగిందట. "నా నలభయ్యో రోజుకి ఊరంతా ఒక్క గుండిగలో తినేట్టు చూడవే. ఇంకేం వద్దు నాకు."

ముసలి సువార్తమ్మ నెల్లాళ్లు గడపగడపా తిరిగింది. తిట్టించుకుంది, కాళ్లు పట్టుకుంది. మొత్తానికి అందరినీ ఒప్పించి నన్ను తాళంలోంచి బయటికి తీయించింది. నలభయ్యో రోజు ఉదయం గుడి, చావిడి, చర్చి మూడు పేటలవాళ్లూ ఒకేచోట నిలబడి ఉంటే చూసి నా ప్రాణం లేచొచ్చింది.

పొయ్యి మండుతోంది. బిందెలతో నీళ్లు పోశారు. సగం దాటగానే నా పొట్టలోంచి సన్నటి ధార కారి నిప్పుల మీద పడింది. పేరు మీద పేరు గీకినచోటే. సువార్తమ్మ పిండిముద్ద అద్దింది, కొంగు కుక్కింది. నేను ఊపిరి బిగబట్టినా ఆగలేదు. పొయ్యి ఆరిపోయింది.

"మీవాళ్లు గీకబట్టే!"

"మొదట కొట్టిందెవరు?"

మధ్యాహ్నానికి మూడు పేటల్లో మూడు పొయ్యిలు వెలిగాయి. అందరూ కడుపునిండా తిన్నారు. సువార్తమ్మ ఎక్కడా తినలేదు. ఇన్ని పెళ్లిళ్లకూ చావులకూ వండి, నన్ను పసిబిడ్డలా తోమిన హుస్సేనమ్మ పేరున ఒక్క పూట అన్నం ఉడికించలేకపోయాను. ఈ సిగ్గు నాతోనే కరగాలి.

సాయంత్రం సువార్తమ్మ నన్ను బూడిదతో శుభ్రంగా తోమింది. కొంగుముడి విప్పి నా అడుగున గుప్పెడు బియ్యం పోసింది.

"ఖాళీగా పంపకూడదు గదక్కా" అంది, హుస్సేనమ్మ అక్కడే ఉన్నట్టు.

ఇప్పుడు పంచాయతీ ఆఫీసు వెనక రేకుల కొట్టంలో ఉన్నాను. ఆ గింజలు పురుగుపట్టినా ఇంకా నాలోనే ఉన్నాయి. తరువాత వండేవాళ్లు ముందుగా వాటినే ఎసట్లో వెయ్యాలి.