వణకని చెయ్యి

పెద్దాయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. సెలూన్ ఆయనది, అందులోని కుర్చీలు ఆయనవి, ఇక అభిప్రాయాల సంగతి చెప్పేదేముంది?

"తాగుడు రోగమేంటమ్మా? జలుబులా దానంతటదే వచ్చి పట్టుకుందా? వీడే నడిచి వెళ్లి తెచ్చుకున్నాడు. నడిచి వెళ్లినవాడు నడిచి రాలేడా?" అని తమ్ముడి భార్యతో, గిరాకీలందరూ వినేలా అనేవాడు.

ఆమె ఆ సెలూన్‌లోనే తువ్వాళ్లు ఉతికి, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. బావగారికి ఎదురు చెప్పే అలవాటు లేదు. పైగా చాలాకాలం తనూ అలాగే అనుకుంది. మొగుణ్ణి తిట్టింది, బతిమాలింది, ఒట్లు వేయించుకుంది. అతను వేసిన ఒట్టు వేసినట్టే తీసి గట్టున పెట్టేవాడు.

ఇప్పుడతను తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి వచ్చాడు. చుక్క ముట్టడం లేదు. కానీ చేతులు వణుకుతున్నాయి. కొన్నాళ్లు ఇలాగే ఉంటుందని, మాత్రలు ఆపొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. గ్లాసెత్తితే సగం నీళ్లు చొక్కా మీదే. ఆ తడిచొక్కా చూసి మురిసిపోయిన ఇల్లాలు లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. ఎందుకంటే తాగిన రోజుల్లో ఆ చెయ్యి ఇసుమంత కూడా కదిలేది కాదు.

ఆ ఉదయం అతను మళ్లీ పనిలోకి వచ్చాడు. తోలుపట్టీ మీద కత్తి నూరుతుంటే చెయ్యి నిలవలేదు. పెద్దాయన చూడనే చూశాడు.

"పొద్దున్నే వేసుకొచ్చావా?"

"లేదన్నయ్యా."

"మరి ఆ వణుకేంటి? నా చెవిలో పువ్వులు పెట్టకు. ఇంటికి పో. మధ్యాహ్నం వణక్కుండా వస్తే కుర్చీ నీది. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా."

ఆమె నోరు తెరిచేలోపే అతను తల దించుకుని మెట్లు దిగిపోయాడు. ఆ కుర్చీ తప్ప అతనికి వేరే పని రాదు.

మధ్యాహ్నం తల దువ్వుకుని, లవంగం నములుతూ వచ్చాడు. పెద్దాయన తనే కుర్చీలో వెనక్కి వాలాడు. "ఊళ్లోవాళ్ల మెడలెందుకు? నాకే గడ్డం గియ్యి" అని కళ్లు మూసుకున్నాడు. ఆ మాత్రం గుండెధైర్యం ఆయనకుందని ఒప్పుకోవాలి.

నురుగు పట్టించి, కత్తి విప్పి, చెవి కింద నుంచి దవడ దాకా ఒక్క గీత గీశాడు. చెయ్యి వణకలేదు. కాచుకుని ఉన్న గిరాకీలు శభాష్ అన్నారు.

"చూశావా అమ్మా? తలుచుకుంటే అయింది. రోగమట, రోగం" అన్నాడు పెద్దాయన.

ఆ చెయ్యి అంత నిలకడగా ఎప్పుడుంటుందో ఆమెకు తెలుసు. అద్దంలో మొగుడి కళ్లు ఆమెను వెతికి, కనబడగానే తప్పుకున్నాయి. తను నోరు మూసుకుంటే కుర్చీ నిలుస్తుంది. కానీ రేపూ చెయ్యి నిలబడాలి కదా, ఎల్లుండీ నిలబడాలి కదా. పోనీ చెబుదామంటే కత్తి బావగారి గొంతు మీదుంది. గట్టిగా అరిస్తే మొగుడు ఉలిక్కిపడతాడు.

లేచి, ఒక తువ్వాలు తీసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి పక్కన నిలబడింది. కత్తి గొంతు మీదుగా మెల్లగా గడ్డం దాకా పాకింది. నురుగు తుడవడానికి అతను కత్తి పైకెత్తగానే పిడి పట్టుకుని లాగేసుకుంది. అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు అతను వదిలేశాడు.

"ఏమైందమ్మా?"

"ఈయన నోరు వాసన చూడండి బావగారూ. పొద్దున వణికినప్పుడు ఈయన చుక్క ముట్టలేదు, తాగొచ్చావన్నారు. ఇప్పుడు తాగొచ్చారు, మీరు మెచ్చుకుంటున్నారు."

పెద్దాయన లేచి తమ్ముడి నోరు వాసన చూశాడు. అయినా ఓడిపోతే ఆయన పెద్దాయన ఎలా అవుతాడు? "నేను తాగమన్నానా? వెళ్లిందీ వీడే, తాగిందీ వీడే."

"నేనేనన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "సారా కొట్టుదాకా వెళ్లి వెనక్కొచ్చాను. వద్దు వద్దనుకుంటూనే మళ్లీ వెళ్లాను. కుర్చీ పోతుందని భయమేసింది."

అతని చెంప పగలగొట్టాలనీ, అతణ్ణి కడుపులో పెట్టుకోవాలనీ ఆమెకు ఒకేసారి అనిపించింది. ఏదీ చెయ్యలేక కత్తి మడిచి సొరుగులో పెట్టింది.

పెద్దాయన మిగిలిన నురుగు తనే తుడుచుకుని, సగం గడ్డంతో అద్దంలో చూసుకున్నాడు.

"రోగమో పొగరో నాకు తెలీదు. ముందు వీణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లమ్మా" అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. "రేపు వణుక్కుంటూ రా. తువ్వాళ్లు మడత పెడుదువుగాని. చెయ్యి వణక్కపోతే మాత్రం గడప తొక్కనివ్వను."