సాంచాలు ఆగిన పూట

గిన్నెలు చప్పుడు కాకుండా తోమడం నాకు బాగా వచ్చు. మా ఆయన పరమేశ్‌కు నైట్ షిఫ్ట్ పడిన పదిహేను రోజులూ ఇంట్లో చెంచా కూడా కిందపడకూడదు. ఉన్నది ఒకటే గది. గోడకవతల సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడుతూనే ఉంటాయి. ఆ మోతకు ఆయనకు హాయిగా నిద్రపడుతుంది. నా గాజులు కదిలితే మాత్రం మెలకువ వచ్చేస్తుంది. "జర ఆడిదాని లెక్క మెల్లగ మసులు" అంటాడు, కళ్లు తెరవకుండానే. అందుకని ఉదయం ఎనిమిదింటికి ఆయన పడుకోగానే చీరల మూట తీసుకుని మెట్ల మీద కూర్చుంటాను, సాయంత్రం దాకా కూలికి దారాలు కత్తిరిస్తూ. లోపల ఉండకూడదు, ఇల్లు విడిచి పోకూడదు. ఊరి నుంచి అత్త వెంకటవ్వ ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట: "మొగడు పండుకున్నప్పుడు బజార్లు తిరుగకు బిడ్డా." బజార్లు తిరిగే భాగ్యం కూడానా నాకు!

బతుకుదెరువుకు వచ్చిన ఈ గుజరాతీ ఊరు కిమ్‌లో, మా బస్తీ వెనక పాత చిన్న రైలు పట్టాలు పీకేసి, నడకకూ సైకిళ్లకూ దారి వేస్తున్నారు. ఆ దారి అవతలి కొసన రవికెలు కుట్టే కార్ఖానా ఉంది. అందులో పనిచేసే పక్కింటి పద్మారాణి మొన్న చెవిలో వేసింది: "చెకింగ్ పని ఉంది సుమనా. సోమారం దాక ఎవల్ని పెట్టుకోవద్దని సేటుకు చెప్పిన. పొద్దుగాల తొమ్మిదింటికి చేరాలె, గంతే." ఆమెను వాళ్లాయన బండి మీద దింపుతాడు. మా ఆయనతో అంటే నవ్వాడు. "ఆటోల మొగోళ్ల నడుమ ఇరికి పోతవా? నాకు అన్నమెవలు పెడ్తరు?" ఆటో వద్దంటే సైకిలుందిగా. ఈ శనివారం మా అమ్మాయి సంధ్య బడి వ్యాన్ ఎక్కగానే, మెట్ల కింద ఉన్న దాని సైకిలు తీసుకుని బయల్దేరాను. దారి అక్కడిదాకా ఉందో లేదో నా కళ్లతో నేను చూడాలి.

పదో తరగతి తర్వాత మళ్లీ సైకిలెక్కడం ఇదే. మొదట ఎర్ర టైల్స్, ప్లాస్టిక్ ఇంకా విప్పని బెంచీలు. గాలికి కొంగు ఎగిరింది. సిగ్గేసింది, తర్వాత సంతోషమేసింది. టైల్స్ అయిపోయాక కంకర. దిగి నడిపించుకుంటూ పోయాను. కాసేపటికి ఒక నాలా అడ్డం వచ్చింది. వంతెనకు ఇనుప దూలాలే ఉన్నాయి, మీద పలకల్లేవు. అవతల తుమ్మల మధ్య కార్ఖానా పసుపు గోడ కనబడుతోంది. టైల్స్ మోస్తున్న ఒకామె చెయ్యి ఊపింది. "ఆగళ్ రస్తో నథీ, బెన్." ముందు దారి లేదట. నా మొహం చూసి జాలేసిందేమో, కిందికి చూపించింది. నాలా ఎండిపోయి ఉంది. తట్టలు మోసే ఆడవాళ్లు నడిచీ నడిచీ అందులో ఒక సన్నని బాట పడింది.

అప్పుడే, వెనక బస్తీ వైపు నుంచి వచ్చే హోరు ఆగిపోయింది. వారానికోసారి మాకు కరెంటు తీసే రోజు ఇదేనని మరిచిపోయాను! సాంచాల చప్పుడు లేకపోతే ఆయన నిద్రపోలేడు. లేచి చాయ్ అడుగుతాడు. నేను ఏమీ అనుకోకముందే నా చేతులు సైకిలును ఇంటివైపు తిప్పేశాయి. పది అడుగులు వేశాక గాని ఏం చేస్తున్నానో తెలియలేదు. ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కాదు, నా మీద. పదహారేళ్లు ఆయన నిద్రకు కాపలా కాసి, పిలవకముందే పరుగెత్తడం నేర్చుకున్నాను.

ఫోన్ మోగింది.

"ఏడున్నవ్? సాంచాలు బందైనయ్. చాయ్ ఏది?"

వచ్చేస్తున్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి చాలా కష్టపడ్డాను.

"నాలా కాడున్న. పద్మారాణి చెప్పిన పనికి మాట్లాడనీకి పోతున్న."

"ఎవలనడిగి పోయినవ్?"

ఎవర్నీ అడగలేదు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. సైకిలు మళ్లీ తిప్పి, నాలా గట్టు దిగడం మొదలుపెట్టాను.

"నిన్నే! ఎప్పుడొస్తవ్?"

"పనైనంక వస్త."

పెళ్లయిన నాటి నుంచి ఆయన నాకు చెబుతూ వచ్చిన జవాబు అది. చెప్పడం ఇంత తేలికని నాకు తెలియదు.