ఇల్లంతానా, ఒక్క గదేనా?

భార్య పోయిన రోజు మాస్టారు బావమరిదికి ఫోన్ చేసి ఒక్క మాటే అన్నారు. "పోయిందిరా."

మాటలు ఆచితూచి వాడే మనిషి. బళ్ళో పిల్లలు "కరెంటు పోయింది" అంటే వెంటనే సరిదిద్దేవారు: "పోయింది వోల్టేజీ. తోసేది లేక కరెంటు ఆగింది." ఆ రోజు మాత్రం ఏది పోయిందో ఆయన చెప్పలేకపోయారు.

బావమరిది ఎలక్ట్రీషియన్. బావ ఫోన్ చేశాడంటే ఫ్యూజు కాలినట్టే లెక్క.

"ఇల్లంతానా బావా, ఒక్క గదేనా?"

మాస్టారు కాసేపు ఆలోచించారు. "ఇల్లంతా."

టెస్టరు చెవి వెనక దోపుకుని, ఈల వేసుకుంటూ బావమరిది దిగాడు. "ఏమే అక్కా, మీ ఆయన మళ్ళీ హీటరూ ఇస్త్రీపెట్టే కలిపి పెట్టాడా?" అని గుమ్మంలోంచే కేక. లోపల అక్కను పడుకోబెట్టి ఉంచారు. ఇరుగుపొరుగంతా అతని చెవి వంక చూశారు.

ఆ తర్వాత అతను ఆ గడప తొక్కలేదు. పిల్లాజెల్లా లేని మాస్టారికి, ఆవిడ గురించి నోరారా మాట్లాడుకోవడానికి ఉన్నది వాడొక్కడే. చూసి చూసి ఆయనే వాడి రిపేరు కొట్టుకు వెళ్ళారు.

ఫ్యాను మోటారుకు రాగి తీగ చుడుతున్నవాడు తలెత్తాడు. "ఏం బావా, ఏం పోయింది?" అనేసి నాలిక కరుచుకున్నాడు.

"ఏమీ పోలేదు. ఓ పాఠం చెబుతాను, విను. వోల్టేజీ తోస్తుంది, కరెంటు నడుస్తుంది, రెసిస్టెన్సు అడ్డం పడుతుంది. తోపు రెట్టింపైతే నడకా రెట్టింపు. అడ్డు రెట్టింపైతే నడక సగం. మా ఇంట్లో తోసేది మీ అక్క, నడిచేది నేను."

"అడ్డం నేనా?"

"మరి? మేం సినిమాకు బయల్దేరిన ప్రతిసారీ ఊడిపడేవాడివి."

"అడ్డం లేకపోతే తీగ మాడిపోతుంది బావా. నా పుణ్యమాని బతికారు."

"ఇప్పుడు నువ్వు తప్పుకున్నా లాభం లేదురా. తోసే మనిషి లేదు. అడ్డు ఎంత తగ్గినా నడక సున్నాయే."

"మరి ఇక్కడిదాకా ఎలా నడిచారు?"

"సైకిలు మీదొచ్చాను."

బావమరిది పడీపడీ నవ్వాడు. తర్వాత చాలాసేపు తీగ చుట్టలేకపోయాడు.

ఆదివారం వచ్చాడు. బయటి గోడకున్న మీటరు బోర్డులో బిగుతుగానే ఉన్న స్క్రూలను మళ్ళీ బిగించాడు. మాస్టారు టీ గ్లాసులు బయటికే తెచ్చారు. మెట్ల మీద కూర్చుని, ఆవిడ ఎవర్ని ఎక్కువ తిట్టేదో పోట్లాడుకున్నారు.

లోపలికి మాత్రం అతను ఇంకా రాలేదు.