అరవై గజాల దూరం

వెర్నా నోటికి జడిసి హల్వర్ సరస్సులో పడవలు చుట్టు తిరిగి పోయేవి. ఉత్తరపు వంపులో లూన్ అనే నీటిపక్షుల జంట గూడు కడుతుంది. అందుకని అక్కడ అడ్డంగా తాడు కట్టారు. అది చూసి కూడా ఫొటో కోసం ఎవడైనా తెడ్డు అటు తిప్పాడా, వాడి పని అయిపోయినట్టే. "ఏం నాయనా, మీ ఆవిడ పురిటి గదిలోకీ ఇలాగే కెమెరా పట్టుకుని దూరావా?" అని నలుగురిలో కడిగేసేది. గూటికి అరవై గజాల లోపలికి ఎవరూ పోకూడదు. ఏటా జూలైలో పక్షి పిల్లల్ని లెక్కపెట్టే మనిషి ఒక్కరికే తాడు దాటే అనుమతి ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ మనిషి వెర్నాయే. ఆ అనుమతిని ఆమె ఒక్కనాడూ వాడుకోలేదు.

ఆ వంపులో పిల్ల కనిపించి నాలుగేళ్లు దాటింది. ఈ ఏడు కూడా లెక్క సున్నా వస్తే తాడు విప్పేసి, గూడున్న దిబ్బ మీద గుడారాలకు చోటు చేస్తామని సరస్సు బాగోగులు చూసే ఆఫీసు వాళ్లు చలికాలంలోనే చెప్పేశారు. వచ్చే జనం పెరిగారు, ఉన్న చోట్లు చాలడం లేదు. వాళ్లనీ తప్పు పట్టలేం. మే నెలలో రక్తం పీల్చే నల్ల ఈగలు కమ్ముకుంటే పక్షి మొదటి గూడు వదిలేసి పోయింది. జూన్‌లో మళ్లీ కట్టి ఒకే ఒక్క గుడ్డు పెట్టింది. ఇక వెర్నా ప్రాణమంతా ఆ గుడ్డు మీదే. "మా అన్న మంచాన పడ్డప్పుడు కూడా నువ్వింత బెంగపడలేదు వదినా" అని మరిది ఓరిన్ ఆటపట్టించేవాడు.

లెక్కకు ఆఖరి రోజు పొద్దున్నే తుంపర పట్టుకుంది. ఇద్దరూ పడవను భుజాల మీద పెట్టుకుని మైలు దూరం బురదలో మోసి, నీళ్లలో దించేసరికి ఆరున్నర అయింది. తొమ్మిదింటిలోగా కళ్లారా చూసిందే లెక్క. విన్నది లెక్కలోకి రాదు.

వినడమైతే విన్నారు. తాడు దగ్గర ఆగిన కాసేపటికి నీళ్ల మీదుగా సన్నటి కూత వచ్చింది.

"వదినా! గుడ్డు పగులుతోంది!"

"నోరు ముయ్యవయ్యా, దానికి వినపడుతుంది" అంది వెర్నా. అన్నదే గానీ ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

బైనాక్యులర్ అద్దాల నిండా చెమ్మ. చొక్కా కొసతో తుడిస్తే మరింత మసకబారింది. పక్షి వీపు తప్ప ఏమీ ఆనలేదు. ఎనిమిదిన్నర అయింది.

"తాడు దాటించు" అంది.

ఓరిన్ తెడ్డు ఆపేశాడు. "ఈ మాటంటున్నది నువ్వేనా?"

"అనుమతి ఉందిగా. ఒక్కసారి చూసి వచ్చేద్దాం."

గూటికి నలభై గజాల్లోకి వచ్చేసరికి పక్షి మెడ వంచి గూటికి ఆనించింది. మెడ వాల్చిందంటే వెనక్కి పొమ్మని బతిమాలుతున్నట్టని ఎన్ని వందల మందికి చెప్పిందో వెర్నా. ఇప్పుడు తనే చూసింది. "ఇంకొంచెం" అంది.

ఇరవై గజాల్లో పక్షి గూడు వదిలి నీళ్లలోకి జారిపోయింది. దాని జత నీటి మీద నిలువునా లేచి, రెక్కలు కొట్టుకుంటూ అరిచింది. గూట్లో గుడ్డుకి కన్నం పడింది. అందులో బుల్లి ముక్కు కదులుతోంది.

"చూశాను! ఒకటి!" అని అరిచింది వెర్నా.

దేవదారు కొమ్మ మీంచి తెల్లతల గద్ద దిగింది. వెర్నా తెడ్డుతో నీళ్లు బాదింది, గొంతు చించుకుంది. గద్ద ఇటు చూడనైనా లేదు. గుడ్డు చిదిమి పిల్లను తన్నుకుపోయింది. పది అంకెలు లెక్కపెట్టేలోగా అంతా అయిపోయింది. కంచే చేను మేసినట్టయింది.

ఓరిన్ లెక్క కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు. "చూశావుగా వదినా. ఒకటని రాసెయ్. అబద్ధమేం కాదు."

ఆమె సున్నా రాసింది. కింద, 'లెక్కపెట్టే మనిషి మరీ దగ్గరికి పోవడం వల్ల' అని రాసింది.

"తాడు విప్పేస్తారే!"

"విప్పనీ. కట్టి ఉన్నప్పుడు లోపలికి వచ్చిందెవరు?"

వెనక్కి మళ్లిద్దామని ఓరిన్ తెడ్డు ఎత్తాడు. వెర్నా అతని చెయ్యి పట్టుకుంది. పక్షి తిరిగొచ్చింది. గూట్లో మిగిలిన పెంకులను ముక్కుతో మెల్లగా సర్ది, కడుపు కిందికి లాక్కుని పొదగడానికి కూర్చుంది.

"కదలకు. లేచిపోతుంది" అంది వెర్నా.

"దాని కింద ఏముంది వదినా?"

ఆమెకు తెలియక కాదు. అయినా అతని చెయ్యి వదల్లేదు.