లోపలివైపు గడియ

తలుపుకు లోపలివైపు బతికేదాన్ని నేను. ఇత్తడి గడియను. వీధిలో పోయేవాళ్లకు తాళం కనిపిస్తుంది, నేను కనిపించను. ఏదో కార్ఖానాలో కరిగి, అచ్చులో పడి, మెరుగు పెట్టించుకుని హనుమకొండలోని ఒక హార్డువేరు దుకాణానికి చేరాను. వచ్చినవాళ్లంతా నన్ను ముందుకూ వెనక్కూ జరిపి చూసి, చివరికి చవకరకం ఇనుప గడియ పట్టుకుపోయేవారు. మనుషులకు భయం ఎక్కువే, దానికి పెట్టే ఖర్చు మాత్రం తక్కువ.

ఎస్తేరు బేరమాడకుండా నన్ను కొంది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేది. బస్సు డ్రైవరుగా రిటైరైన ఐలయ్య ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. ఐలయ్య, ఆయన భార్య కనకవ్వ పైన ఉండేవారు.

ఐలయ్య చెడ్డవాడు కాదు. ఉద్యోగమంతా కూడబెట్టి కట్టిన ఇల్లు, దాన్ని చూడకుండా ఉండలేడు. కింది వాటా తాళంచెవి ఇంకొకటి ఆయన జేబులోనే ఉండేది. బుద్ధి పుట్టినప్పుడల్లా తలుపు తీసుకుని వచ్చి, నల్లా కారుతోందా, ఫ్యాను ఊరికే తిరుగుతోందా అని చూసి పోయేవాడు. ఎస్తేరు నిద్రలో ఉలిక్కిపడి లేచేది. ఒకనాడు ఆమె తువ్వాలు చుట్టుకుని స్నానాలగది నుంచి వచ్చేసరికి ఆయన వంటగది గోడ తడుముతూ నిలబడి ఉన్నాడు. ఆమె మళ్లీ లోపలికి పరుగెత్తి, ఆయన వెళ్లేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. నన్ను కొని తెచ్చిన రోజున ఇదంతా ఆమె ఫోనులో అక్కకు చెబుతుంటే విన్నాను. ఆ సాయంత్రమే వడ్రంగి నన్ను బిగించాడు.

నన్ను మొదటిసారి వేసి, అరచేయి నా మీద ఉంచి ఆమె కాసేపు కదలకుండా నిలబడింది. మర్నాడు పగలంతా ఉలిక్కిపడకుండా నిద్రపోయింది.

ఐలయ్య మళ్లీ వచ్చి తాళం తిప్పాడు. తలుపు రాలేదు. దబదబా బాదాడు. ఎస్తేరు తీసి ఎదురుగా నిలబడింది.

“నా ఇంట్లకు నేను వస్తే నిన్నడగాల్నా?”

“ఇల్లు మీదే బాపూ. కిరాయి కట్టి లోపలుండేది నేను గద. ఫోన్ చేసి రండ్రి, చాయ్ పెడ్త, అన్నీ చూపిస్త. చెప్పకుండ మాత్రం రావొద్దు.”

ఆమె గడప దగ్గరి నుంచి జరగలేదు. ఆయన మొహం మాడ్చుకుని పైకెళ్లాడు. ఆ తరువాత ఏ అవసరమున్నా కనకవ్వతోనే కబురు పంపేవాడు.

కొన్నాళ్లకు ఎస్తేరుకు ములుగు వైపు సర్కారు ఉద్యోగం వచ్చింది. సామాను కట్టిన రోజున ఐలయ్య వచ్చి ఇల్లంతా చూశాడు.

“తలుపుకు తూట్లు పొడిచినవ్. వంటింటి గోడ చెమ్మతోని పాడుచేసినవ్. అడ్వాన్సు రాదు.”

“ఆ గోడ నేను రాకముందే గట్లున్నది బాపూ. పైనుంచి పైపు కారుతున్నది.”

“సాక్ష్యమెవరు?”

“నేను,” అంది కనకవ్వ, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగుతూ. “ప్రతి వానకాలం నువ్వు ఆ మచ్చ మీద సున్నమేస్తుంటె బకెటు పట్టుకున్నది నేనే. ఈ పిల్ల తలుపుకు రెండు తూట్లు పెట్టింది, నిజమే. నువ్వు మాటిమాటికి లోపలికొస్తే ఇంకేం జేస్తది? ఇంతకు ముందున్న ఆడపిల్లలు నాలుగు నెల్లకే ఎందుకు పోయిన్రో ఎన్నడన్న అడిగినవా?”

 ఆ ఆడపిల్లలు ఖాళీ చేసి పోయింది తన వల్లేనని ఐలయ్యకు అప్పటిదాకా తట్టనే లేదు. పైకెళ్లి, అడ్వాన్సు మొత్తం తెచ్చి ఎస్తేరు చేతిలో పెట్టాడు. ఆమె నన్ను విప్పబోతే వద్దన్నాడు.

“ఉండనీ బిడ్డా. తర్వాత వచ్చెటోళ్లకు అక్కరకొస్తది.”

రెండేళ్లకు కనకవ్వ పోయింది. మెట్లెక్కలేక ఐలయ్యే కింది వాటాలోకి మారాడు. పొద్దున లేస్తే చుట్టాలు, ఇరుగుపొరుగు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు నేరుగా లోపలికి వచ్చి, ఏడవొద్దని ధైర్యం చెప్పి పోయేవారు. ఆయన అందరికీ తలూపేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన నన్ను వేశాడు. అక్కడే తలుపుకు ఆనుకుని కూలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భార్యను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. బయట ఎవరో “మామా” అని తలుపు తట్టారు.

“జరసేపు నన్నుండనీయండ్రి,” అన్నాడు.

బయటివాళ్లు ఆగారు.