వింటున్నది మీరేనా?

భోజనాలయ్యాక బావ లాప్‌టాప్ తెచ్చి మరదలి ముందు పెట్టాడు.

"పోలీసమ్మా, ఈ క్లాసు కాస్త కానిచ్చెయ్. నేనో కునుకు తీస్తా."

ఇద్దరిదీ ఒకే బీమా కంపెనీ. దొంగ క్లెయిములు పట్టే విభాగానికి బావ అధిపతి, ఆమె ఇన్వెస్టిగేటర్. మోసాల పరిశోధకుడిగా బావకున్న సర్టిఫికెట్ నిలబడాలంటే ఏటా నీతినియమాల మీద ఆన్‌లైన్ క్లాసు వినాలి. ఆమెకింకా సర్టిఫికెట్ రాలేదు. పరీక్ష పాసైంది. సర్టిఫికెట్ ఉన్న పైఅధికారి ఆమె నడతకు పూచీపడుతూ సంతకం చేయాలి. గడువు రేపటితో సరి. దరఖాస్తు బావ దగ్గరే ఉంది.

"మరి సంతకం?"

"క్లాసు అవనీ. ఇచ్చిపుచ్చుకోవడమేగా!"

వంటింట్లోంచి అక్క నవ్వింది. "ఆ మాత్రానికే అరిగిపోతావేంటే?"

ఆమె కూర్చుంది. తెర మీద ఎవరో నిజాయితీ గురించి చెబుతున్నారు. కాసేపటికి గొంతు ఆగి, ప్రశ్న వచ్చింది: 'క్లాసు వింటున్నది మీరేనా?' కింద బావ పేరు, 'అవును' అని బటన్. నొక్కింది. ఇంకాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కింది.

మూడోసారి చెయ్యి ఆగింది.

పోయిన వారం వాళ్ల ఆఫీసులోనే గుమాస్తా ఒకడి ఉద్యోగం ఊడింది. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడి బదులు హాజరు మిషన్‌లో అతని కార్డు పెట్టాడు. పట్టుకున్నది ఆమె. "కార్డే కదండీ" అని అతను ఏడిస్తే, "కార్డు కాదు, అబద్ధం" అన్నాడు బావ. ఆ మాటే ఆమె రిపోర్టులో రాసింది.

వెళ్లి బావని తట్టి లేపింది.

"అయిపోయిందా?"

"వింటున్నది నువ్వేనా అని అడుగుతోంది."

"నొక్కి పారెయ్యవే!"

"ఇలాగే ఇంకొకరి కార్డు పెట్టి ఆ గుమాస్తా రోడ్డున పడ్డాడు."

"వాడూ నేనూ ఒకటేనా?"

"కాదు. వాడు స్నేహితుడి కోసం చేశాడు."

అక్క పరుగున వచ్చింది. "పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు? ఆ సంతకం లేకపోతే ఏమవుతావో తెలుసా?"

"కంచే చేను మేస్తుంటే, నా నడతకి ఆ కంచె పూచీయా అక్కా?"

"రేపు ఆఫీసుకి రా, చెప్తా నీ పని," అన్నాడు బావ.

"వస్తా."

దరఖాస్తు అడగలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగింది.

బస్సులో ఫోన్ తీసి, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థకు ఫిర్యాదు రాసింది. 'మోసం చేసినవారు' అన్నచోట ముందు తన పేరు పెట్టింది. తర్వాత బావ పేరు.